ఐదు మాత్రల జాజ్

జాజ్ సంగీతమునకు నాలుగు మాత్రల నడక పరిపాటి. అమెరికా పియానో విద్వాంసుడు డేవ్ బ్రూబెక్ చతుష్టయము 1959లో వెలువరించిన ‘టైమ్ అవుట్’ రికార్డు ఆ కట్టుబాటును దాటినది. అందులో పాల్ డెస్మండ్ కూర్చిన ‘టేక్ ఫైవ్’ ఐదు మాత్రల రచన. మన ఖండచాపు ‘తక తకిట’ అని 2, 3గా సాగును. హిందూస్తానీ ఝప్‌తాల్ విరుపూ అదే. ఇదియో ‘తకిట తక’! విద్యార్థులు చేతితో తాళము వేయుచు విన్నచో ఈ భేదము తెలియును.

‘బ్లూ రోండో’లోని తొమ్మిది మాత్రల నడకను బ్రూబెక్ 1958లో ఇస్తాంబుల్ వీధి వాద్యకారుల వద్ద విన్నారు. 2-2-2-3గా మూడు ఆవృత్తములు, నాల్గవది 3-3-3. నా దృష్టిలో ఆ నాల్గవదే రచనకు ప్రాణము. ఆ పర్యటనలోనే వారు మన దేశమునకును వచ్చిరి. చాపు తాళమెరిగిన మన చెవికి ఐదు మాత్రలు వింత గావు; ‘టేక్ ఫైవ్’లో జో మొరెల్లో డ్రమ్ములపై విడిచిన నిశ్శబ్దములు మాత్రము వింతయే.