పాత కంప్యూటరును అప్పగించుటకు ముందు

పంచాయతీ సభ్యులారా! కార్యాలయములో పాతబడిన కుర్చీని వేలము వేసినచో, సొమ్మును నిధికి జమకట్టుటతో పని ముగియును. పాతబడిన కంప్యూటరు విషయము అట్టిది కాదు. దానిలోని హార్డ్ డిస్కునందు ఇంటిపన్ను లెక్కలు, జనన మరణ నమోదులు, పింఛనుదారుల ఆధార్ సంఖ్యలు, బ్యాంకు ఖాతాల వివరములు నిలిచియుండవచ్చును. అవి గ్రామస్థులు నమ్మకముతో ఇచ్చినవి. యంత్రముతోబాటు అవియు పరుల చేతికి పోరాదు.

ఫైళ్ళను ముందే తొలగించితిమి గదా యని కొందరనవచ్చును. ప్రమాదమంతయు ఆ భ్రమలోనే యున్నది. రిజిస్టరు మొదటనుండు విషయసూచికలో ఒక పద్దును కొట్టివేసినంత మాత్రమున లోపలి పుటలు మాసిపోవునా? హార్డ్ డిస్కులో ఫైలును డిలీట్ చేసినపుడు జరుగునది అంతియే. క్విక్ ఫార్మాట్ చేసినను సూచిక మాత్రమే క్రొత్తదగును. ఆ స్థలముపై వేరొకటి వ్రాయబడువరకు పాత సమాచారము అచ్చటనే యుండును. తగిన సాఫ్ట్‌వేరు గలవారు దానిని తిరిగి చదువగలరు.

అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు చెందిన గార్ఫింకెల్, షెలాట్ అను పరిశోధకులు, ఇతరులు వాడి అమ్మివేసిన 158 డిస్కులను కొని పరీక్షించి, 2003లో ఫలితములను ప్రకటించిరి. పనిచేయుచున్న 129లో సరిగా తుడిచివేయబడినవి 12 మాత్రమే. మిగిలినవానియందు 5,000కు పైగా క్రెడిట్ కార్డు సంఖ్యలు దొరకినవి.

కావున మేము సూచించు క్రమమిది.

మొదట, భద్రపరుపవలసిన రికార్డులకు నకలు తీసి, అది సరిగా తెరచుకొనుచున్నదో లేదో కార్యదర్శిగారి సమక్షమున చూడవలెను. తుడిచిన పిమ్మట విచారించి ఫలము లేదు.

రెండవది, డిస్కు ఏ రకమో తెలిసికొనవలెను. తిరుగు పళ్ళెములు గల అయస్కాంత డిస్కుపై ఆదినుండి అంతమువరకు ఒకమారు సున్నలు వ్రాయించిన చాలును. దానిని ఊడదీసి వేరొక కంప్యూటరునకు తగిలించి, క్విక్ అను గుర్తును తీసివేసి, విండోస్‌లో ప్రతి భాగమునకు పూర్తి ఫార్మాట్ చేసినచో ఈ పని జరుగును. ఏ డిస్కును తుడుచుచున్నామో రెండుమార్లు సరిచూచుకొనవలెను. ఎస్.ఎస్.డి. అయినచో ఇది చాలదు. అది సమాచారమును తనలోని గళ్ళలో తానే మార్చి అమర్చుకొనును గాన, కొన్ని గళ్ళలో పాతది మిగిలిపోవచ్చును. దానికి తయారీదారులిచ్చు సెక్యూర్ ఎరేజ్ ఆదేశమును వాడవలెను.

మూడవది, కంప్యూటరు పనిచేయుట లేదనిన డిస్కు ఖాళీ యని అర్థము కాదు. తుడుచుటకు వీలుకాని డిస్కు పళ్ళెములను, ఎస్.ఎస్.డి. అయినచో అందలి ప్రతి చిప్పును, పగులగొట్టించవలెను. పిదప 2022 నాటి ఈ-వ్యర్థముల నియమముల క్రింద నమోదైన సంస్థకే అప్పగించుట మేలు.

చివరగా, ఏ డిస్కును, ఏ తేదీన, ఏ విధముగా, ఎవరి యెదుట తుడిచిరో రిజిస్టరులో వ్రాసి సంతకములు చేయవలెను. గ్రామనిధిలోని రూపాయికి లెక్క చూపుట యెట్లు మన విధియో, గ్రామస్థుని వివరములకు కాపుదల యుంచుటయు అట్లే మన విధి.