పాఠశాలలో వ్యాయామ విద్య

పరీక్షలు సమీపించగానే మన పాఠశాలల్లో మొదట మాయమయ్యేది ఆటల పీరియడు. గణితమో, సామాన్యశాస్త్రమో ఆ సమయాన్ని ఆక్రమిస్తుంది. ఆట చదువుకు ఆటంకమనే ఈ భావనను మనం విడనాడవలసి ఉంది.

పెరిగే వయస్సులో పరుగు, దూకుడు ఎముకలకు దార్ఢ్యాన్ని, గుండెకు, ఊపిరితిత్తులకు బలాన్ని చేకూరుస్తాయి. అందుచేతనే 5 నుండి 17 సంవత్సరాల పిల్లలకు దినానికి సగటున 60 నిమిషాల శారీరక శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది.

ప్రయోజనం దేహానికి మాత్రమే కాదు. చెడుగుడులో ఓడినవాడు వాదులాడక బరి వెలుపల నిలుస్తాడు. తోటివాడు ప్రత్యర్థిని ఓడించినప్పుడు తిరిగి ఆటలోకి వస్తాడు. పరస్పరాశ్రయం అనే పాఠాన్ని ఇంత సులభంగా ఏ పుస్తకమూ బోధించలేదు.

మన హైదరాబాదు వాస్తవ్యులైన సయ్యద్ అబ్దుల్ రహీం గారు వృత్తిరీత్యా బడిపంతులు. వారి శిక్షణలోనే భారత ఫుట్‌బాల్ జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణ పతకాలను గెలుచుకొంది. పాఠం చెప్పడం, ఆట నేర్పడం పరస్పర విరుద్ధాలు కావనడానికి వారి జీవితమే నిదర్శనం.

ప్రతి పాఠశాలకు ఆటస్థలం ఉండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం నిర్దేశించింది. అయితే స్థలంతోపాటు సమయం కూడా దక్కాలి. బాలురతోపాటు బాలికలకూ దక్కాలి. రేపు ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు కాబోయే మనమే ఆ పీరియడును పదిలపరచాలి.