వేయిమందికి ఒక గొంతు

రాజు మాటను పరరాజుకు చేర్చే దూతలను కౌటిల్యుడు తన అర్థశాస్త్రంలో మూడు విధాలుగా విభజించాడు. సందర్భాన్ని బట్టి తానే నిర్ణయం తీసుకోగల పూర్ణాధికారం గలవాడు నిసృష్టార్థుడు. అప్పగించిన కార్యం మేరకే అధికారం గలవాడు పరిమితార్థుడు. ఇచ్చిన లేఖను ఇచ్చినట్టే అందజేసి వచ్చేవాడు శాసనహరుడు. తిక్కన ఉద్యోగపర్వం తెలిసినవారికి ఈ భేదం సులభంగా బోధపడుతుంది. సంజయుడు ధృతరాష్ట్రుని మాట మోసుకొని పాండవుల వద్దకు వచ్చాడు. శ్రీకృష్ణుడు పాండవుల పక్షాన సంధి మాట్లాడటానికి హస్తినకు వెళ్ళాడు. ఇద్దరివీ రాయబారాలే. అయినా ఇద్దరి అధికారం ఒకటి కాదు.

ఈ పాత విభాగం నేటి ఒక కొత్త బాధ్యతకు చక్కగా సరిపోతుంది. ఒక స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు పేరుమీద సామాజిక మాధ్యమాలలో ఉండే అధికారిక ఖాతాను నిర్వహించడమే ఆ బాధ్యత. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అంటే దాని సోర్స్ కోడ్‌ను ఎవరైనా చదవవచ్చు, మార్చుకోవచ్చు, పదిమందికీ పంచవచ్చు. దానికి యజమాని అంటూ ఒకడు ఉండడు. మరి యజమాని లేనిచోట ‘మేము’ అని పలికే అర్హత ఎవరిది?

డెబియన్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను చూద్దాం. అమెరికాలో విద్యార్థిగా ఉన్న ఇయాన్ మర్డాక్ దీనిని 1993 ఆగస్టు 16న ప్రకటించాడు. నేడు సుమారు వెయ్యిమంది అధికారిక సభ్యులు ప్రపంచం నలుమూలల నుండి దీనికోసం పనిచేస్తున్నారు. దీనిని కంప్యూటర్‌లో ఎక్కించేటప్పుడు ఎంచుకోవలసిన భాషలలో తెలుగు కూడా ఉన్నది. సభ్యులు ఏటా ఒక నాయకుని ఎన్నుకుంటారు. ఆ నాయకుడు కొన్ని పనులను కొందరికి లిఖితపూర్వకంగా అప్పగిస్తాడు. ప్రచార బృందం అలా ఏర్పడినదే. చిన్న వార్తలను ఈ బృందం మొదట డెబియన్ సొంత వార్తాపుటలో ప్రచురిస్తుంది. వార్తను ఎవరైనా రాసి ప్రతిపాదించవచ్చు. బృంద సభ్యులు పరిశీలించి ప్రకటిస్తారు. ఇతర మాధ్యమాలకు ఆ వార్త అక్కడినుండే చేరుతుంది. కనుక ఖాతా తాళంచెవి ఒక్కరి జేబులో ఉండదు.

ఇది చిన్న విషయం కాదు. మా కళాశాల పూర్వవిద్యార్థుల పేర ఫేస్‌బుక్‌లో పుట తెరిచిన కుర్రవాడు పైచదువులకు వెళ్ళిపోయాక, దాని పాస్‌వర్డ్ తెలిసినవారు మాలో ఒక్కరూ మిగలలేదు. స్వర్ణోత్సవం ముగిసి ఏళ్ళు గడిచినా ‘త్వరలో స్వర్ణోత్సవం’ అన్న ప్రకటన దానిమీద చెక్కుచెదరకుండా ఉన్నది!

సంతోషవార్తలు చెప్పడం ఎవరికైనా తేలికే. 2025 ఆగస్టు 9న డెబియన్ 13వ రూపం విడుదలైనది. అటువంటి రోజున పరిమితార్థుడు కాస్త చమత్కరించినా ఎవరూ తప్పుపట్టరు. పరీక్ష ఎదురయ్యేది ఆపద వచ్చినప్పుడు. తమ లోపాలను దాచబోమని 1997లోనే డెబియన్ తన సామాజిక ఒప్పందంలో రాసుకున్నది. 2008 మే నెలలో ఆ మాటకు గట్టి పరీక్ష వచ్చింది. రహస్య సంకేతాలను తయారుచేసే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే భాగంలో 2006లో డెబియన్ వారే చేసిన ఒక మార్పు వలన, అవి ఇతరులు ఊహించగలిగినంత బలహీనంగా తయారవుతున్నాయని తేలింది. తప్పు తమదేనని, 2006 సెప్టెంబరు నుండి తయారైన ఆ సంకేతాలను మళ్ళీ తయారుచేసుకోవాలని వారు బహిరంగంగా ప్రకటించారు.

2024 మార్చి 29న మరొక సంకటం వచ్చిపడింది. ఎక్స్‌జెడ్ అనే చిన్న ఉపకరణంలో ఎవరో దొంగదారి పెట్టారని బయటపడింది. అదేరోజు డెబియన్ భద్రతా బృందం ప్రకటన ఇచ్చింది. స్థిరమైన రూపాలేవీ దెబ్బతిన్నట్టు తెలియరాలేదని, పరీక్షల దశలో ఉన్నవాటిలో మాత్రం ఆ చెడు ప్రవేశించిందని అందులో స్పష్టంగా ఉన్నది. ఇటువంటి వేళ అధికారిక ఖాతా శాసనహరునివలె నడుచుకోవాలి. ‘భయం లేదు’ అని ఒక మాట చేర్చినా ప్రమాదమే, ‘కొంపలు మునిగాయి’ అని చేర్చినా ప్రమాదమే. ఆ మాట నమ్మి ఎక్కడో ఒక ఆసుపత్రి కంప్యూటర్‌ను చూసుకొనేవాడు నిద్రపోవచ్చు, లేదా మంచి యంత్రాన్ని ఆపివేయవచ్చు.

దూత తన అధికారపు హద్దు మరచిపోతే ఏమవుతుందో కంప్యూటర్ ఆటలను రూపొందించే గోడో అనే సాఫ్ట్‌వేర్ విషయంలో చూడవచ్చు. 2024 సెప్టెంబరులో దాని అధికారిక ఖాతానుండి వెలువడిన ఒక వ్యాఖ్య రాజకీయ వివాదానికి దారితీసింది. వచ్చినవారిలో దుర్భాషలాడినవారు ఉన్నారు, మర్యాదగా విభేదించినవారూ ఉన్నారు. ఖాతా చాలామందిని అడ్డగించింది. పొరపాటున అడ్డగించినవారు ఉంటే సరిదిద్దుతామని ఆ సంస్థ తరువాత ప్రకటించవలసి వచ్చింది. దుర్భాషలాడేవారిని అడ్డగించడం తప్పని నేను అనను. అయితే వ్యక్తిగత ఖాతాలో అది ఒకరి ఇష్టం, అధికారిక ఖాతాలో అది అందరి పేరా జరిగిన బహిష్కారం. అంగడిలో అలిగినవాడు సరుకు కొనకుండా పోతాడు. ఇక్కడ అలిగినవాడు సోర్స్ కోడ్‌తో సహా వెళ్ళిపోవచ్చు. కొందరు అలాగే వెళ్ళి రెడాట్ అనే వేరు కుంపటి పెట్టుకున్నారు.

2025 ఆరంభంలో డెబియన్ ప్రచార బృందం, పూర్వం ట్విట్టర్‌గా పిలిచిన ఎక్స్‌లో ఇకపై రాయబోమని ప్రకటించింది. ఆ వేదిక తమ సామాజిక ఒప్పందానికి, ప్రవర్తనా నియమావళికి తగినట్టు లేదని కారణం చెప్పింది. ఇది శాసనహరుడు చేయదగిన పని కాదు, నిసృష్టార్థుడు చేయవలసినది. అంతటి నిర్ణయం ఒక బృందం తీసుకోవచ్చునా, వెయ్యిమందినీ అడగాలా అన్నది వాదించదగిన విషయమే. నామటుకు నాకు, అప్పగింత పత్రంలో ఆ అధికారం ఎంతవరకో ముందే రాసి ఉంచుకోవడం మేలనిపిస్తుంది. పాఠకులకు మాత్రం వార్తలు ఆగలేదు. ఎక్స్‌ను వదులుతున్నామన్న ఆ ప్రకటన కూడా డెబియన్ సొంత వార్తాపుటలోనే వెలువడింది.