ఇంటర్నెట్ ఆపరేటర్లు, కేబుల్ ఆపరేటర్లు: తరచూ అడిగే ప్రశ్నలు

విజయవాడలోనూ కృష్ణా డెల్టా గ్రామాల్లోనూ ఇంటింటికీ ఇంటర్నెట్ లైను లాగేది ఎక్కువగా కేబుల్ ఆపరేటర్లే. 2017 డిసెంబరు 27న ప్రారంభమైన ఏపీ ఫైబర్‌నెట్ కూడా వారి మీదే ఆధారపడింది. వారి నుంచి తరచూ వచ్చే ప్రశ్నలకు సమాధానాలివి. ఇక్కడ “లైసెన్సుదారు” అంటే టెలికాం శాఖ లైసెన్సు ఉన్న ఇంటర్నెట్ సంస్థ. “స్థానిక ఆపరేటర్” అంటే లైసెన్సుదారుతో ఒప్పందం మీద చందాదారులకు సేవ అందించే వ్యక్తి లేదా సంస్థ.

1. కేబుల్ టీవీ రిజిస్ట్రేషన్ ఉంది. ఇంటర్నెట్ కూడా ఇవ్వవచ్చా?
ఆ రిజిస్ట్రేషన్ ఒక్కటే చాలదు. సొంతంగా లైసెన్సు పొందాలి, లేదా లైసెన్సుదారుతో రాతపూర్వక ఒప్పందం ఉండాలి. లైసెన్సులో మూడు తరగతులున్నాయి: ‘ఎ’ దేశమంతటికీ, ‘బి’ ఒక టెలికాం సర్కిల్‌కు, ‘సి’ సర్కిల్‌లోని ఒక చిన్న ప్రాంతానికి. స్థానిక ఆపరేటర్ పనిచేసే ఊరు లైసెన్సుదారు పరిధిలో ఉందో లేదో సంతకానికి ముందే సరిచూసుకోవాలి. లైసెన్సు లేకుండా, ఒప్పందం లేకుండా సేవ విక్రయించడం శిక్షార్హం.

2. కరెంటు స్తంభాల మీదుగా, కాలువ గట్టు వెంట ఫైబర్ వేయడానికి ఎవరి అనుమతి కావాలి?
ఆస్తి ఎవరిదో వారిది. స్తంభానికి విద్యుత్ పంపిణీ సంస్థ ఏపీసీపీడీసీఎల్, నగర వీధులకు నగరపాలక సంస్థ, బందరు, ఏలూరు, రైవస్ కాలువల గట్లకు జలవనరుల శాఖ. రైట్ ఆఫ్ వే నియమాలు (2024) 2025 జనవరి 1 నుంచి అమలులో ఉన్నాయి. దరఖాస్తు పోర్టల్ ద్వారా, సాధారణంగా లైసెన్సుదారు పేరున వెళ్లాలి. ఏళ్లుగా వైరు వేలాడుతున్నదన్నది అనుమతి కాదు. అనుమతి ఉన్నా సరే, విద్యుత్ సిబ్బంది సరఫరా ఆపి లైన్ క్లియర్ (ఎల్‌సీ) ఇచ్చేదాకా స్తంభం ఎక్కకూడదు.

3. డ్రైనేజీ పనుల్లో జేసీబీ మా ఫైబర్ తెంపేసింది. పరిహారం అడగవచ్చా?
అడగవచ్చు. తవ్వేవారు ముందుగా సమాచారం ఇవ్వాలని 2023 జనవరిలో నియమాలు వచ్చాయి; ‘కాల్ బిఫోర్ యూ డిగ్’ యాప్ అందుకే. టెలికమ్యూనికేషన్స్ చట్టం, 2023లోని సెక్షన్ 42 నష్టపరిహారంతో పాటు 50 లక్షల రూపాయల వరకు జరిమానాకు వీలిస్తుంది. అతుకు వేసేముందే తెగిన చోటు, యంత్రం నంబరు, సమయం కనిపించేలా ఫొటోలు తీసి, కాంట్రాక్టరుకూ పోలీసులకూ రాతపూర్వకంగా తెలపాలి. మీ ఫైబర్ అనుమతి లేకుండా వేసినదైతే మీ వాదన బలహీనపడుతుంది.

4. లాగ్‌లు ఎంతకాలం ఉంచాలి?
రెండు గడువులు వేర్వేరు. కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28 ఆదేశాల ప్రకారం సిస్టమ్ లాగ్‌లు 180 రోజులు, భారత పరిధిలో ఉండాలి. 2021 డిసెంబరు లైసెన్సు సవరణ ప్రకారం చందాదారుల ఐపీ వివరాల రికార్డులు కనీసం రెండేళ్లు ఉండాలి. ఒకటి పాటిస్తే రెండోది పాటించినట్టు కాదు.

5. పోలీసు లేఖలో ఐపీ చిరునామా, సమయం మాత్రమే ఉన్నాయి. ఏం చేయాలి?
ఐపీవీ4 చిరునామాల కొరత వల్ల ఒకే పబ్లిక్ ఐపీని అనేకమంది చందాదారులు నాట్ (నెట్‌వర్క్ చిరునామా మార్పిడి) ద్వారా పంచుకుంటారు. సోర్స్ పోర్ట్ లేకుండా వారిలో ఒకరిని తేల్చలేరు. ఊహించి పేరు ఇవ్వకండి. పోర్ట్ కావాలని లిఖితపూర్వకంగా అడగండి. లేఖలోని సమయం యూటీసీనా, భారత కాలమానమా చూడండి: ఐదున్నర గంటల తేడాతో వేరే ఇంటి తలుపు తట్టే ప్రమాదం ఉంది. లేఖ భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 94 కింద వచ్చిందో, మరే అధికారం కింద వచ్చిందో నమోదు చేసుకోండి. స్థానిక ఆపరేటర్‌కు వచ్చిన లేఖను వెంటనే లైసెన్సుదారుకు పంపాలి.

6. మా రూటర్ హ్యాక్ అయింది. ఎంతలోగా తెలపాలి?
పైన చెప్పిన సెర్ట్-ఇన్ ఆదేశాల అనుబంధంలోని ఘటనలను గమనించిన, లేదా మీ దృష్టికి వచ్చిన 6 గంటల్లోగా సెర్ట్-ఇన్‌కు తెలపాలి. పూర్తి వివరాలు లేవని ఆగకూడదు. ఉన్నంత మేరకు తెలిపి, మిగతావి తర్వాత ఇవ్వాలి.

7. స్థానిక అధికారి ఫోన్ చేసి నెట్ ఆపమంటే ఆపాలా?
ఫోన్ మాట ఆదేశం కాదు. 2024 నవంబరులో వచ్చిన నియమాల ప్రకారం కేంద్ర లేదా రాష్ట్ర హోం కార్యదర్శి కారణాలు, ప్రాంతం, వ్యవధి చూపుతూ ఆదేశం ఇవ్వాలి. అనివార్య పరిస్థితుల్లో అధీకృత సీనియర్ అధికారి ఇవ్వవచ్చు. 24 గంటల్లో ధ్రువీకరణ రాకపోతే అది చెల్లదు. ఏ ఆదేశమూ 15 రోజులు మించకూడదు. అనూరాధ భాసిన్ కేసులో (2020) సుప్రీంకోర్టు ఇలాంటి ఆదేశాలను ప్రచురించాలని చెప్పింది. 2022 మేలో అమలాపురం అల్లర్ల తర్వాత కోనసీమలో నెట్ ఆగినట్టే ఎక్కడైనా ఆగవచ్చు. ఆదేశం సక్రమమైతే వెంటనే అమలు చేయాలి, ప్రతిని భద్రపరచాలి.

8. సాయంత్రం వేళ రద్దీ తగ్గించడానికి వీడియో యాప్‌లను మాత్రమే నెమ్మదింపజేయవచ్చా?
కుదరదు. 2018 నెట్ న్యూట్రాలిటీ నిబంధనల ప్రకారం కంటెంట్‌ను బట్టి వివక్ష నిషిద్ధం. మినహాయింపులు: సహేతుకమైన ట్రాఫిక్ నిర్వహణ, అత్యవసర సేవలు, నెట్‌వర్క్ భద్రత, కోర్టు లేదా ప్రభుత్వ ఆదేశాలు. నిర్వహణ తాత్కాలికంగా, అవసరానికి తగినంతగా, పారదర్శకంగా ఉండాలి. కంటెంట్‌ను బట్టి డేటాకు వేర్వేరు ధరలు పెట్టడాన్ని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2016 ఫిబ్రవరి 8న నిషేధించింది. ఉల్లంఘనకు జరిమానా రోజుకు 50,000, గరిష్ఠంగా 50 లక్షల రూపాయలు.

9. చందాదారు ఫిర్యాదు ఎక్కడిదాకా వెళ్లవచ్చు?
ముందు లైసెన్సుదారు ఫిర్యాదు కేంద్రానికి. డాకెట్ నంబరు (ఫిర్యాదు సంఖ్య) ఇవ్వడం తప్పనిసరి. తృప్తి చెందకపోతే అప్పిలేట్ అథారిటీకి 30 రోజుల్లో అప్పీలు. దాన్ని 39 రోజుల్లో తేల్చాలి. విడి చందాదారుల ఫిర్యాదులను ట్రాయ్ విచారించదు. జిల్లా వినియోగదారుల కమిషన్ మార్గం తెరిచే ఉందని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో స్పష్టం చేసింది. అక్కడి గడువు కారణం తలెత్తిన నాటి నుంచి రెండేళ్లు. ‘ఆపరేటర్‌కు వాట్సాప్ పెట్టాం’ అన్నది డాకెట్ నంబరుకు సాటిరాదు. స్థానిక ఆపరేటర్ చందాదారు మాట విన్న వెంటనే నంబరు నమోదు చేయించాలి.

10. లైసెన్సుదారుతోనే తగవు వస్తే?
ముందు ఒప్పందంలోని వివాద పరిష్కార నిబంధన, నోటీసు గడువు చూడాలి. సేవ ఆపితే చందాదారుల పట్ల బాధ్యత ఎవరిదన్నది కూడా అక్కడే ఉంటుంది. నోటీసు రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు ఉంచుకోండి. గడువు ముగియకముందే న్యాయవాదికి ఒప్పందం పూర్తి ప్రతి చూపండి.