ద్రాక్షపాదుకు వేసవి కత్తిరింపు

సంఘాల తనిఖీకి వెళ్ళినపుడు పశువుల కొట్టం పక్కనే ద్రాక్ష పందిరి ఉన్న సభ్యులను మేము చూస్తుంటాము. అక్టోబరు కత్తిరింపుకు మంచి పనివారిని ముందే కుదుర్చుకుంటారు. వేసవి కత్తిరింపును మాత్రం ఎవరికో అప్పగించి ఊరుకుంటారు. పొరపాటు ఇక్కడే జరుగుతున్నది.

హైదరాబాదు చుట్టుపట్ల ద్రాక్షకు ఏటా రెండు కత్తిరింపులు, పంట ఒక్కటే. కాయ కోత అయ్యాక పాదుకు కొంత విశ్రాంతినిచ్చి, ఏప్రిల్ ప్రాంతంలో ఒకటి రెండు కణుపులుంచి కొమ్మలను కత్తిరించవలెను. అప్పుడు వచ్చే కొత్త రెమ్మల మొగ్గలలో, సుమారు 40 నుండి 60 రోజుల మధ్య, వచ్చే పంట గుత్తి రూపు కడుతుంది. కంటికి కనబడదు. ఆ రోజులలో రెమ్మలు గుబురై నీడ కమ్మినా, నీరు, నత్రజని మితిమీరినా గుత్తికి బదులు నులితీగ వస్తుంది. పేడ ఎరువుకు కొదవలేని మన సభ్యులు ఇది గమనించవలెను.

అక్టోబరు కత్తెర మొగ్గలో ఉన్న గుత్తిని బయటికి తెస్తుందే గాని, లేనిదాన్ని పుట్టించలేదు. ఎన్ని కణుపులు ఉంచాలన్నది రకాన్ని, రెమ్మ లావును బట్టి ఉంటుంది. ఆశకొద్దీ కొమ్మలెక్కువ ఉంచితే గుత్తులు పెరుగుతాయి నిజమే. కాని కాయ సన్నగిల్లి, తీపి తగ్గి, పాదు నీరసించి మరుసటి ఏటి పంట కూడా దెబ్బతింటుంది.

మరొక మాట. మందు కొట్టిన పందిరి ఆకును గేదెలకు మేపరాదు. పురుగుమందు అవశేషాలు పాలలోకి దిగుతాయి. బోర్డో మిశ్రమంలోని మైలుతుత్తం గొర్రెలకు మరీ ప్రమాదం.