‘రేపు చూద్దాం’ అంటే కుదరదు: అమ్మాయి కనిపించకపోతే చట్టం ఏమంటోంది?

‘‘ఏ ఫ్రెండ్ ఇంటికో వెళ్లుంటుందమ్మా. రాత్రికి చూడండి, రాకపోతే రేపు రండి.’’ కూతురు ఇంటికి రాలేదని స్టేషన్ మెట్లెక్కిన తల్లిదండ్రులకు తరచూ ఎదురయ్యే మాట ఇది. 24 గంటలు గడిస్తేగానీ మిస్సింగ్ కేసు కట్టరని జనంలో ఒక నమ్మకం. అలాంటి గడువు ఏ చట్టంలోనూ లేదు.

పరిధి పేరుతో తిప్పి పంపడమూ కుదరదు. 2019 నవంబరులో హైదరాబాద్ శివార్లలో ఒక యువ డాక్టరు కనిపించకుండా పోయి, హత్యకు గురైంది. ఆ రాత్రి కుటుంబం ఇచ్చిన ఫిర్యాదుపై కేసు నమోదులో ఆలస్యం చేశారని ముగ్గురు పోలీసులను సస్పెండ్ చేశారు. అప్పట్లో అందరి నోటా వినిపించిన ‘జీరో ఎఫ్ఐఆర్’ ఇప్పుడు చట్టంలోకే వచ్చింది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి.

కేసు కట్టి తీరాల్సిందేనని చెప్పిన సుప్రీంకోర్టు తీర్పు కూడా కనిపించకుండా పోయిన ఆడపిల్ల కేసులో వచ్చిందే. అదే 2013 నాటి ‘లలితా కుమారి’ తీర్పు. విచారణార్హమైన నేరం ఫిర్యాదులో కనిపిస్తుంటే ఎఫ్ఐఆర్ తప్పనిసరి అని అందులో రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది.

అయితే మేజరైన యువతి ఇంట్లోంచి వెళ్లిపోవడం దానంతటదే నేరం కాదు. అందుకే ఫిర్యాదులో ఏం రాశామన్నది ముఖ్యం. ‘మా అమ్మాయి కనపడుటలేదు’ అని రెండు ముక్కలు రాసి సంతకం పెడితే చాలదు. వేసుకున్న డ్రెస్సు, పుట్టుమచ్చలు, చివరి ఫోన్ ఎప్పుడొచ్చింది, ఏ బస్సెక్కింది, ఫోన్ డబ్బాపై ఉండే ఐఎంఈఐ నంబరు... అన్నీ రాయాలి. వెంటపడినవాడున్నా, బెదిరింపులు వచ్చినా దాచకూడదు. పరువు పోతుందని ఆ ఒక్క వాక్యం మింగేస్తే, కిడ్నాప్ సెక్షన్ పడాల్సిన కేసు ఉత్త ‘ఉమెన్ మిస్సింగ్’గా మిగిలిపోవచ్చు. దారిలో దుకాణాల సీసీ కెమెరాల ఫుటేజీ కొన్నాళ్లకే చెరిగిపోతుంది కనుక, దాన్ని భద్రపరచమనీ అందులోనే కోరాలి.

స్టేషన్‌లో తీసుకోకపోతే ఫిర్యాదును ఎస్పీకి రిజిస్టర్ పోస్టులో పంపాలి. అక్కడా కదలిక లేకపోతే మేజిస్ట్రేట్ కోర్టుకు వెళ్లాలి. పోస్టు రసీదు అక్కడ పనికొస్తుంది. ఎవరో నిర్బంధించారని చెప్పడానికి ఆధారముంటే ఆమెను కోర్టు ముందుకు తేవాలంటూ హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్ వేయొచ్చు.

కేసు కట్టాక కూడా దర్యాప్తు ఎందాకా వచ్చిందో 90 రోజుల్లోపు ఫిర్యాదుదారుకు పోలీసులు తెలపాలి. మరి ఏళ్లు గడిచి, ఆచూకీ లేదంటూ ఫైలు మూసేస్తే?

కేరళలో 2018 మార్చిలో బంధువుల ఇంటికని బయల్దేరిన ఇరవై ఏళ్ల కాలేజీ అమ్మాయి మళ్లీ కనిపించలేదు. ఫోన్ ఇంట్లోనే ఉంది. స్థానిక పోలీసులు, క్రైమ్ బ్రాంచ్ వెతికారు. 2021లో హైకోర్టు ఆదేశంతో కేసు సీబీఐకి వెళ్లింది. తప్పిపోయినవారి కోసం ఇంటర్‌పోల్ ఇచ్చే ఎల్లో నోటీసూ వచ్చింది. చివరికి సీబీఐ కేసు ముగిస్తామంటూ కోర్టుకు నివేదిక ఇచ్చింది. తండ్రి ఒప్పుకోలేదు. కొన్ని కోణాలను వదిలేశారంటూ కోర్టుకెక్కారు. 2024 మేలో కోర్టు మళ్లీ దర్యాప్తు చేయమని ఆదేశించింది. ఆయనకు దక్కిన ఈ అవకాశం ప్రతి ఫిర్యాదుదారుకూ ఉంది. క్లోజర్ రిపోర్టును ఆమోదించే ముందు ఫిర్యాదుదారుకు నోటీసిచ్చి వినాలని 1985లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆ నోటీసు రాగానే కేసు మూసివేతను వ్యతిరేకిస్తూ ‘ప్రొటెస్ట్ పిటిషన్’ వేయాలి.

ఒకవేళ ఆచూకీ దొరికి, అమ్మాయి మేజరై, ఇష్టపడే వెళ్లానంటే ఎక్కడుండాలన్నది ఆమె నిర్ణయమే. బలవంతంగా ఇంటికి పంపే అధికారం పోలీసులకు లేదు.

ఇక లాయరు ఖర్చు. న్యాయసేవల చట్టం ప్రకారం మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసాయం అందుతుంది. కాబట్టి దరఖాస్తు తల్లి పేరున పెట్టుకోవడం మేలు. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థలో అడగొచ్చు, లేదా 15100కు ఫోన్ చేయొచ్చు.