కనబడని బొమ్మ: కారణమును వెదకు విధము

కంప్యూటరు నభ్యసించు బాలబాలికలు పుటలు వ్రాయుట నేర్చిన పిమ్మట, డేటాబేసులో చేర్చిన బొమ్మలను ఆ పుటలపై చూపవలెనని యుత్సహింతురు. మొక్కల చిత్రములు గాని, నాణెముల చిత్రములు గాని, పాఠశాల ఫొటోలు గాని పోగుచేసి పట్టికలో చేర్తురు. పుటను తెరచి చూడగా పేర్లన్నియు సరిగా వచ్చును. బొమ్మ యుండవలసిన చోట మాత్రము విరిగిన చిన్న గుర్తొకటి కనబడును. అట్టి సమయమున నేమి చేయవలెను, ఏమి చేయరాదు అను రెండు సంగతులను ఈ వ్యాసమున వివరింప దలచితిని. రెండవ సంగతి నాకు నష్టమువలన తెలిసినది గనుక దానినే ముందు చెప్పెదను.

కొన్ని సంవత్సరముల క్రిందట నేను పనిచేయుచుండిన యొక పాఠశాలలో, వార్షికోత్సవమునకై పూర్వపు తరగతుల గ్రూపు ఫొటోలను కంప్యూటరుపై ప్రదర్శింప నిశ్చయించితిమి. బీరువాలో చెదలు తినగా మిగిలినవి 22 ఫొటోలు. అందలి మనుష్యుల పేర్లెచ్చటను వ్రాసియుండలేదు. ఎనుబది యేండ్లు దాటిన పూర్వవిద్యార్థి యొకరు నాలుగు దినములు వరుసగా వచ్చి, భూతద్దముతో నొక్కొక్క ముఖమును పరిశీలించి పేర్లు చెప్పిరి. పదవ తరగతి బాలుడొకడు ప్రయోగశాలలోని కంప్యూటరునొద్ద కూర్చుండి వానిని నేరుగా డేటాబేసులో చేర్చెను. కాగితముపై నెవరును వ్రాసికొనలేదు.

ఆ బాలుడు పుటను ముందుగా తన యింట విండోస్ కంప్యూటరులో తయారుచేసి, రెండు ఫొటోలతో పరీక్షించి యుండెను. అచ్చట నంతయు చక్కగా నుండెను. ప్రయోగశాలలోనిది లినక్స్ కంప్యూటరు. ఇచ్చట పుటను తెరవగా పేర్లు వచ్చెను, బొమ్మలు రాలేదు. ఉత్సవమునకు రెండు దినములే గడువు. వాడు తొందరపడి తోచినదాని నెల్ల మార్చెను; ఏమి మార్చెనో వానికే జ్ఞాపకము లేకపోయెను. కడపట సర్వరును, డేటాబేసును తొలగించి, వాని ఫోల్డరులను తుడిచివేసి, మరల స్థాపించెను. నాలుగు దినముల పేర్లన్నియు దానితో పోయెను. పరీక్షకై యొక్క వరుస చేర్చి చూడగా, మరల నదే విరిగిన గుర్తు!

కారణమేమనగా, ఫొటోలున్న ఫోల్డరు పేరు పెద్దబడి యక్షరముతో మొదలగుచుండెను. పట్టికలో నదే పేరు చిన్నబడి యక్షరముతో వ్రాయబడి యుండెను. విండోస్ సాధారణముగా ఈ భేదమును పాటింపదు, లినక్స్ పాటించును. ఒక్క యక్షరమును దిద్దగనే బొమ్మ కనబడెను. పేర్లు మాత్రము తిరిగి రాలేదు.

ఆ బాలుడు తెలివితక్కువవాడు కాడు. బొమ్మ యే దారిని నడచి వచ్చునో యెవరును వానికి చెప్పియుండలేదు. ఆ లోపము బోధించిన మాది. కావున మీకా దారిని చెప్పెదను.

బొమ్మ నడచు దారి

టిమ్ బెర్నర్స్-లీ యను నాంగ్లేయ శాస్త్రజ్ఞుడు జినీవా నగరము చెంతనున్న సెర్న్ పరిశోధనాలయమున 1989లో వెబ్ అను నేర్పాటును ప్రతిపాదించెను. పుటలో బొమ్మను చేర్చు గుర్తును మార్క్ ఆండ్రీసన్ 1993లో ప్రతిపాదించెను. ఆ గుర్తులో బొమ్మ యుండదు, దాని చిరునామా మాత్రమే యుండును. ఈ యొక్క సంగతిని గ్రహించినచో సగము చిక్కు విడిపోవును.

మనము పుటను తెరచినప్పుడు జరుగునది యిది. బ్రౌజరు సర్వరును పుట నడుగును. సర్వరు ఆ పనిని పి.హెచ్.పి. ప్రోగ్రామునకు అప్పగించును. అది డేటాబేసు నడిగి పేర్లను, బొమ్మల చిరునామాలను తెచ్చి పుటను కూర్చి పంపును. బ్రౌజరు పుటను చదివి, బొమ్మ గుర్తు కనబడిన ప్రతిచోటను, ఆ చిరునామాతో సర్వరును రెండవమారు అడుగును. అప్పుడు సర్వరు ఫోల్డరులో వెదకి ఫైలును పంపును.

గ్రంథాలయములోని రిజిష్టరును తలచుకొనుడు. ఏ పుస్తకము ఏ బీరువాలో నున్నదో రిజిష్టరు చెప్పును. పుస్తకమును తెచ్చుటకు బీరువా వద్దకు వేరుగా నడువవలెను. బీరువాలో పుస్తకము దొరకనిచో రిజిష్టరును చింపుదుమా?

ఇప్పుడాలోచింపుడు. పుటపై పేర్లు వచ్చినవనగా సర్వరు నడచుచున్నది, ప్రోగ్రాము నడచుచున్నది, డేటాబేసు జవాబు చెప్పుచున్నది. తప్పు ఆ తరువాతి భాగముననే, అనగా చిరునామాలో గాని, ఫైలులో గాని, రెండవ ప్రయాణములో గాని యుండవలెను. ఆ బాలుడు నిర్దోషియని యప్పటికే రుజువైన భాగమును పెరికివేసి, దోషమున్న భాగమును ముట్టనేలేదు.

మొదటి ప్రశ్న: పుటలో నే చిరునామా వ్రాయబడి యున్నది?

పుటపై మౌసు కుడి మీటను నొక్కి, పుట మూలమును చూపుమని కోరి, బొమ్మ గుర్తును వెదకుడు. చిరునామా స్థానము ఖాళీగా నున్నచో, ప్రోగ్రాములో పట్టికయొక్క నిలువు వరుస పేరు తప్పియుండును. చిరునామా సి డ్రైవుతో మొదలైనచో, అది డిస్కులోని దారియే గాని వెబ్ చిరునామా కాదు. సర్వరు తన ప్రచురణ ఫోల్డరులోనుండియే వస్తువుల నిచ్చును. దానికి వెలుపల నున్న బొమ్మను ఆ లోపలికి చేర్చవలెను.

మఱియొక పొరపాటు కలదు. చిరునామాలో లోకల్‌హోస్ట్ అని గాని, 127.0.0.1 అని గాని వ్రాసినచో, సర్వరున్న కంప్యూటరులో బొమ్మలు కనబడును, ప్రక్క కంప్యూటరులో కనబడవు. ఆ మాటకు “ఈ కంప్యూటరే” యని యర్థము గనుక, ప్రక్క కంప్యూటరు తనలో తానే వెదకికొనును. ప్రదర్శన దినమున సిగ్గుపాటు కలిగించు తప్పిది.

రెండవ ప్రశ్న: ఆ చిరునామాకు సర్వరు ఏమని జవాబిచ్చుచున్నది?

బొమ్మ చిరునామాను మాత్రమే బ్రౌజరులో వేరుగా తెరువుడు. లేదా ఎఫ్12 మీటను నొక్కి, నెట్‌వర్క్ అను భాగమును తెరచి, పుటను మరల రప్పింపుడు. ప్రతి కోరికకు నెదుట ఒక సంఖ్య కనబడును.

404 అనగా ఆ పేరుగల వస్తువు ఆ చోట లేదు. అక్షరముల పెద్దబడి చిన్నబడి భేదమును, తోకపేరును, ఫోల్డరు పేరును అక్షరమక్షరముగా పోల్చి చూడుడు. విండోస్ తోకపేరును దాచియుంచుట కలదు. కంటికి కనబడిన పేరే పూర్తి పేరని నమ్మరాదు.

403 అనగా ఇచ్చుటకు అనుమతి లేదు. లినక్స్ కంప్యూటరులో సర్వరు తనకంటూ వేరొక వినియోగదారు పేరుతో పనిచేయును. ఫైలును చదువుటకును, ఆ ఫోల్డరులలో ప్రవేశించుటకును ఆ పేరునకు అనుమతి నీయవలెను.

500 అనగా సర్వరులోపల నేదో తప్పినది. ఊహింపనక్కరలేదు, సర్వరు వ్రాయు తప్పుల దినచర్యను తెరచి, కడపటి పంక్తులను చదువుడు. ఏ ఫైలున, ఏ పంక్తిలో తప్పినదో తరచుగా నందే యుండును.

200 అనగా సర్వరు తన మట్టుకు సరిగా పంపితినని చెప్పుచున్నది. అప్పుడు మూడవ ప్రశ్న వేయవలెను.

మూడవ ప్రశ్న: వచ్చినది నిజముగా బొమ్మయేనా?

కొందరు బొమ్మయొక్క చిరునామాను గాక బొమ్మనే డేటాబేసులో నుంతురు. అట్టిచోట ఈ ప్రశ్న ముఖ్యము. మైఎస్‌క్యూఎల్ డేటాబేసులో బ్లాబ్ అను జాతి గడిలో పట్టునది 65,535 బైట్లు మాత్రమే. నేటి ఫొటోలనేకము దీనికి ఎన్నో రెట్లుండును. నియమములు సడలియున్న యమరికలో డేటాబేసు హెచ్చరిక మాత్రము చేసి తక్కిన భాగమును కోసివేయును. అందుచే బొమ్మ పైభాగము కనబడి క్రిందిభాగము బూడిదరంగుగా నుండవచ్చును. మీడియంబ్లాబ్ అను జాతిలో 1,67,77,215 బైట్లు పట్టును. అయితే అదివరకు కోసిన బొమ్మ దానంతట నతుకుకొనదు. దానిని మరల చేర్చవలెను.

పంపుచున్నది బొమ్మయని ప్రోగ్రాము ముందుగా ప్రకటింపవలెను, లేనిచో పి.హెచ్.పి. దానిని మామూలు పుటగానే ప్రకటించును, వేరుగా తెరచినచో నర్థములేని యక్షరములు తెరపై నిండును. మఱియు బొమ్మకు ముందు ఒక్క ఖాళీ యక్షరమైనను పోరాదు. జెపెగ్ ఫైలు మొదటి రెండు బైట్లు ఎల్లప్పుడును 255, 216 అను సంఖ్యలు. కొన్ని వ్రాత సాధనములు ప్రోగ్రాము ఫైలు మొదట 239, 187, 191 అను మూడు బైట్లను కంటికి కనబడకుండ చేర్చును. అవి బొమ్మకు ముందు చేరినచో బ్రౌజరు దానిని గుర్తింపలేకపోవును.

తప్పును దిద్దిన పిమ్మటను బొమ్మ రానిచో, బ్రౌజరు దాచియుంచిన పాత జవాబునే చూపుచుండవచ్చును. కంట్రోలు మీటతో ఎఫ్5 మీటను నొక్కి క్రొత్తగా రప్పింపుడు.

పాటింపవలసిన నియమములు

మొదటిది, దేనిని ముట్టకముందు డేటాబేసునకు నకలు తీసి వేరొకచోట నుంచుడు. రెండవది, ఒక్కమారు ఒక్కదానినే మార్చుడు. మార్చినదానిని నోటుపుస్తకములో వ్రాయుడు. ఫలము లేనిచో దానిని మునుపటివలె చేయుడు. మూడవది, సరిగా పనిచేయుచున్నదని రుజువైన భాగము జోలికి పోకుడు. నాలుగవది, తొలగించి మరల స్థాపించుట కారణము తెలిసికొనుట కాదు.

ఆ పెద్దవారికి జరిగినది చెప్పుటకు నేనును ఆ బాలుడును వారి యింటికి పోయితిమి. బాలుడు తలవంచుకొని తానే యంతయు చెప్పెను. వారు కోపపడక, “రేపు వత్తును, అబ్బాయీ! ఈమారు కాగితముపై వ్రాసికొనుము” అనిరి. మరునాడు వచ్చి, ప్రొద్దుగుంకువరకు కూర్చుండి పేర్లన్నియు మరల చెప్పిరి. అయితే మొదటిమారు తడుముకొనక చెప్పిన నలుగురి పేర్లు ఈమారు వారికి స్ఫురింపలేదు. బాలుడు నొచ్చుకొనునేమోయని “పోనిమ్ము, తరువాత జ్ఞప్తికి వచ్చును” అనిరి, కాని రాలేదు. ఉత్సవ దినమున 22 ఫొటోలును తెరపై చక్కగా కనబడెను. ఆ నలుగురి ముఖముల క్రింద మాత్రము పేరుండవలసిన చోటు నేటికిని ఖాళీగానే యున్నది.

— ఒక ఉపాధ్యాయుడు